కాపీ పూర్తయినా పెన్‌డ్రైవ్ ‘ఆగు’ అని ఎందుకంటుంది?

జిరాక్స్ షాపులో రోజూ కనిపించే దృశ్యమే. కస్టమర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి షాపతను ఫైలు కాపీ చేస్తాడు. తెర మీద ఆకుపచ్చ గీత చివరిదాకా వెళ్తుంది. వెనకాల ఇంకో నలుగురు తమ వంతు కోసం నిలబడి ఉంటారు. పెన్‌డ్రైవ్ లాగి చేతిలో పెట్టేస్తాడు. చాలాసార్లు ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఇంటికెళ్లి చూస్తే ఫైలు పేరు కనిపిస్తుంది, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. ఒక్కోసారి పెన్‌డ్రైవే తెరుచుకోదు. ‘ఫార్మాట్ చేయాలా?’ అని కంప్యూటర్ అడుగుతుంది.

ఇలా జరగకూడదనే విండోస్‌లో ‘సేఫ్లీ రిమూవ్’, మ్యాక్‌లో ‘ఎజెక్ట్’, లినక్స్‌లో ‘అన్‌మౌంట్’ అనే ఏర్పాట్లు ఉన్నాయి. మనిషి బటన్ నొక్కితే జరిగే ఈ పనిని చాలా చోట్ల ప్రోగ్రాములే స్వయంగా చేస్తుంటాయి. రాత్రిపూట ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసే స్క్రిప్టు, మెమొరీ కార్డులోకి ఆపరేటింగ్ సిస్టమ్ రాసే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ లాంటి సాఫ్ట్‌వేర్, ఫొటోలు ప్రింట్ చేసే కియోస్క్ అలాంటివే. ఈ పని చేసే కోడ్‌కు ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో రూపం ఉంది. సూత్రం మాత్రం అన్నిచోట్లా ఒకటే. అన్‌మౌంట్ అనేది ఆజ్ఞ కాదు, అనుమతి కోరడం. ‘ఇప్పుడు కుదరదు’ అన్న జవాబు రావచ్చు. ఆ జవాబును ప్రోగ్రాము ఎలా తీసుకుంటుందన్న దాని మీదే డేటా భద్రత ఆధారపడి ఉంటుంది.

రాశానని చెప్పి, తర్వాత రాసే అలవాటు

ర్యామ్ చాలా వేగంగా పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ దాంతో పోలిస్తే చాలా నెమ్మది. ప్రతి చిన్న రాతకూ ప్రోగ్రామును ఆపి ఉంచితే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక సర్దుబాటు చేసుకుంటుంది. ప్రోగ్రాము ఇచ్చిన డేటాను ముందు ర్యామ్‌లో పెట్టుకుని ‘రాశాను’ అని చెప్పేస్తుంది. పరికరం మీద అసలు రాతను తీరిక చూసుకుని పూర్తి చేస్తుంది. ఇలా ర్యామ్‌లో నిలిచిన డేటా ఉండే చోటును రైట్ క్యాష్ అంటారు.

లినక్స్‌లో సాధారణంగా ఉండే సెట్టింగు ప్రకారం, రాయాల్సిన డేటా ర్యామ్‌లో 30 సెకన్లు గడిపితేనే ‘పాతది’ అవుతుంది. పాతబడిన డేటాను డిస్క్‌కు పంపే కెర్నెల్ విభాగం 5 సెకన్లకోసారి నిద్రలేస్తుంది. అంటే చిన్న ఫైలు కాపీ అయిపోయిందని తెర చెప్పాక కూడా అర నిమిషం దాకా పెన్‌డ్రైవ్‌లోకి చేరకపోవచ్చు. పెద్ద ఫైళ్ల విషయంలో అందుబాటులో ఉన్న మెమొరీలో 20 శాతం వరకు ఇలా పోగుపడనిచ్చే వీలుంది. అలా 3 జీబీ పోగుపడిందనుకుందాం. పెన్‌డ్రైవ్ సెకనుకు 10 ఎంబీ చొప్పున రాస్తే, గీత నిండిన తర్వాత కూడా అసలు రాత మరో 5 నిమిషాలు సాగుతుంది.

ఫైలు రాయడమంటే ఒక్క చోట రాయడం కూడా కాదు. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. ఫ్యాట్32లో ఫైలు సారాంశం ఒక చోట, ఆ ముక్కలు ఏ వరుసలో ఉన్నాయో చెప్పే పట్టిక మరో చోట, ఫైలు పేరు, సైజు ఉండే డైరెక్టరీ ఇంకో చోట ఉంటాయి. గ్రంథాలయంలో పుస్తకాన్ని అరలో పెట్టి, జాబితాలో ఎక్కించకముందే తలుపు మూసేస్తే ఆ పుస్తకం ఉన్నా లేనట్టే. జాబితాలో ఎక్కించి పుస్తకం పెట్టకపోతే, పేరు చూసి అర దాకా వెళ్లినవాళ్లకు ఖాళీ కనిపిస్తుంది. పేరు ఉండి సరుకు లేని ఫైళ్లు ఇలాగే పుడతాయి.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 లాంటివి చేయబోయే మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటాయి. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా చూసి నిర్మాణాన్ని సరిచేసుకుంటాయి. అయితే ర్యామ్‌లోంచి బయటికే రాని డేటాను ఏ చిట్టా కూడా తిరిగి తేలేదు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో ఆ చిట్టా కూడా లేదు.

మౌంట్ అనే మాట

పాత కంప్యూటర్ గదుల్లో టేపు చుట్టలను, డిస్క్ ప్యాక్‌లను ఆపరేటర్లు చేత్తో ఎత్తి యంత్రానికి బిగించేవారు. మౌంట్ అన్న మాట అక్కడిది. యూనిక్స్ ఆ మాటకు సాఫ్ట్‌వేర్ అర్థం ఇచ్చింది. ఒక పరికరంలోని ఫైళ్ల చెట్టును, అప్పటికే ఉన్న చెట్టులోని ఒక కొమ్మకు అంటు కట్టడమే మౌంట్. ఆ అంటును విడదీయడం అన్‌మౌంట్. 1971 నాటి యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే ఈ రెండు పనులకూ సిస్టమ్ కాల్స్ ఉన్నాయి.

అందులో విడదీసే కాల్ పేరు ‘అన్‌మౌంట్’ కాదు, ‘యూమౌంట్’. మధ్యలో ‘ఎన్’ అక్షరం లేదు. లినక్స్ ఇప్పటికీ ఆ పొట్టి పేరే వాడుతోంది. ఫ్రీబీఎస్‌డీలో, మ్యాక్‌లో టెర్మినల్‌లో టైపు చేసే ఆదేశం ‘యూమౌంట్’ అయినా, కోడ్‌లో పిలిచే సిస్టమ్ కాల్‌లో మాత్రం ‘ఎన్’ ఉంది. రెండు వ్యవస్థలకూ ఒకే కోడ్ రాయబోయిన ప్రోగ్రామర్ తొలి అడుగులోనే తడబడేది ఇక్కడే.

పేర్లు ఎలా ఉన్నా చేయాల్సిన పనుల వరుస అంతటా ఒకటే. మొదట, ఆ పరికరాన్ని ఎవరూ వాడటం లేదని నిర్ధారించుకోవాలి. తర్వాత క్యాష్‌లో మిగిలినదంతా పరికరం మీద రాయాలి. ఆ తర్వాత ఫైళ్ల చెట్టు నుంచి విడదీయాలి. చివరగా పరికరాన్ని ఎజెక్ట్ చేయాలి, లేదా దానికి కరెంటు ఆపాలి. చాలా ప్రోగ్రాములు మూడో అడుగు దగ్గరే ఆగిపోయి ‘ఇక తీసేయవచ్చు’ అని చెప్పేస్తాయి.

లినక్స్: బిజీ అంటే బిజీయే

లినక్స్‌లో ‘యూమౌంట్2’ అనే సిస్టమ్ కాల్ ఈ పని చేస్తుంది. పరికరం వాడుకలో ఉంటే అది ‘ఈబిజీ’ అనే ఎర్రర్‌తో తిరిగొస్తుంది. ఏదో ప్రోగ్రాము అక్కడ ఫైలు తెరిచి ఉంచడం, టెర్మినల్ ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉండడం, ఆ కొమ్మ మీద మరో మౌంట్ ఉండడం ఇందుకు సాధారణ కారణాలు. విచిత్రమేమిటంటే, అన్‌మౌంట్ చేయబోతున్న ప్రోగ్రామే కొన్నిసార్లు నేరస్థురాలు. కాపీ చేసేందుకు తానే పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌లోకి వెళ్లి, బయటికి రాకుండానే దాన్ని విడదీయమంటుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోబోయిన మనిషిలాంటి పరిస్థితి. తేడా ఏమిటంటే, ఇక్కడ కొమ్మ తెగనంటుంది. ఎవరు వాడుతున్నారో ‘ఎల్‌ఎస్ఓఎఫ్’, ‘ఫ్యూజర్’ అనే టూల్స్ చెబుతాయి.

ఈ సిస్టమ్ కాల్‌ను మామూలు యూజర్ పిలవలేడు. అడ్మిన్ అధికారం కావాలి. అలాగని డెస్క్‌టాప్ అప్లికేషన్‌ను రూట్ అధికారంతో నడపడం ప్రమాదకరం. ఇందుకు సరైన దారి ‘యూడిస్క్స్2’ అనే సర్వీసు. అప్లికేషన్ డీ-బస్ ద్వారా ఆ సర్వీసుకు విన్నపం పంపుతుంది. ఆ యూజర్‌కు అర్హత ఉందో లేదో పోల్‌కిట్ పరిశీలిస్తుంది. ఆ తర్వాతే పని జరుగుతుంది. ఆ సర్వీసులోనే అన్‌మౌంట్‌కు ఒకటి, డ్రైవ్‌కు కరెంటు ఆపడానికి ఒకటి వేర్వేరు మెథడ్లు ఉన్నాయి. రెండోది కూడా పూర్తయితేనే యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌ను నిశ్చింతగా తీయవచ్చు.

విండోస్: ముందు తాళం, తర్వాతే విడదీత

విండోస్‌లో యూమౌంట్ లాంటి ఒకే కాల్ లేదు. ప్రోగ్రాము ముందు ‘ఈ’ లేదా ‘ఎఫ్’ లాంటి డ్రైవ్‌ను ఫోల్డర్‌లా కాకుండా వాల్యూమ్‌గా, ప్రత్యేకమైన పరికర నామంతో తెరవాలి. తర్వాత దానికి వరుసగా నాలుగు సంకేతాలు పంపాలి. మొదటిది వాల్యూమ్‌కు తాళం వేయమంటుంది. రెండోది డిస్‌మౌంట్ చేయమంటుంది. మూడోది మీడియా తీయకుండా ఉన్న అడ్డును తొలగించమంటుంది. నాలుగోది ఎజెక్ట్ చేయమంటుంది.

ఇందులో మొదటి అడుగే కీలకం. వాల్యూమ్‌లో ఏ ఫైలైనా తెరిచి ఉంటే తాళం పడదు. యాంటీవైరస్, సెర్చ్ ఇండెక్సర్ లాంటివి కాపీ అయిన వెంటనే కొత్త ఫైళ్లను తడిమి చూస్తాయి కాబట్టి తొలి ప్రయత్నం విఫలమవడం మామూలే. మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు ప్రచురించిన నమూనా కోడ్ ఈ వాస్తవాన్ని గుర్తించింది. 10 సెకన్ల వ్యవధిలో, అర సెకను విరామంతో 20 సార్లు తాళం కోసం ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతే ఊరుకుంటుంది. తాళం లేకుండా నేరుగా డిస్‌మౌంట్ సంకేతం పంపినా విండోస్ చాలాసార్లు ఆ పని చేసేస్తుంది. అప్పుడు ఆ డ్రైవ్‌లో ఫైళ్లు తెరిచి ఉంచిన ప్రోగ్రాముల చేతిలోని హ్యాండిళ్లు చెల్లకుండా పోతాయి. సగం రాసిన ఎక్సెల్ షీటు సగంలోనే ఉండిపోతుంది.

మరో మార్గం ప్లగ్ అండ్ ప్లే వ్యవస్థ ద్వారా మొత్తం పరికరాన్నే తీసేందుకు అనుమతి కోరడం. అక్కడ కాదనే హక్కుకు ‘వీటో’ అనే పేరే పెట్టారు. విన్నపం తిరస్కరణకు గురైతే ఎలాంటి అభ్యంతరమో, ఎవరిదో తెలిపే సమాచారం కాల్ చేసిన ప్రోగ్రాముకు అందుతుంది. అడ్డుపడిన ప్రోగ్రాము పేరు ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పీఎన్‌పీ విభాగం కింద 225 నంబరు ఈవెంట్‌గా నమోదవుతుంది. ‘పరికరం వాడుకలో ఉంది’ అన్న మొండి సందేశం చూసి విసిగిపోయేవారికి అసలు జవాబు దొరికేది అక్కడే.

2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి మైక్రోసాఫ్ట్ ఒక మార్పు తెచ్చింది. యూఎస్‌బీ స్టోరేజీకి ‘క్విక్ రిమూవల్’ పద్ధతిని డిఫాల్ట్ చేసింది. ఇందులో రాతను క్యాష్‌లో నిలవ ఉంచరు. దాంతో ‘ఇక ఎజెక్ట్ అక్కర్లేదు’ అన్న ప్రచారం పాకిపోయింది. ఇది సగం నిజమే. కాపీ పూర్తయి, ఏ ప్రోగ్రామూ ఆ డ్రైవ్‌ను తాకనప్పుడు మాత్రమే అది వర్తిస్తుంది. వెనకాల ఏది తాకుతోందో మనిషికి కనిపించదు. దాన్ని తెలుసుకోవడానికే కోడ్ తాళం వేసి చూస్తుంది. పైగా యూజర్ సెట్టింగును ‘బెటర్ పెర్ఫార్మెన్స్’కు మార్చుకుంటే పాత ప్రమాదం పూర్తిగా తిరిగొస్తుంది.

మ్యాక్: మధ్యవర్తి, అసమ్మతి

మ్యాక్‌లో ఈ పని చేసే ఫ్రేమ్‌వర్క్ పేరు డిస్క్ ఆర్బిట్రేషన్. ఆర్బిట్రేషన్ అంటే మధ్యవర్తిత్వం. ఒక ప్రోగ్రాము అన్‌మౌంట్ కోరితే, ముందుగా నమోదు చేసుకున్న ఇతర ప్రోగ్రాములను ఆ వ్యవస్థ అభిప్రాయం అడుగుతుంది. వాటిలో ఏదైనా కాదనవచ్చు. అలా కాదన్నప్పుడు, కోరిన ప్రోగ్రాముకు ‘డిసెంటర్’ అనే వస్తువు అందుతుంది. అంటే అసమ్మతి పత్రం. అందులో కారణం ఉంటుంది. తర్వాతి కాలంలో, మ్యాక్ ఓఎస్ 10.11 నుంచి, ఫైల్ మేనేజర్ క్లాసులోనే అన్‌మౌంట్ మెథడ్ వచ్చింది. అది విఫలమైతే అడ్డుపడిన ప్రాసెస్ నంబరు కూడా ఎర్రర్‌లో చేరి రావచ్చు.

డిస్క్ ఆర్బిట్రేషన్ కాల్ వెంటనే తిరిగొస్తుంది, ఫలితం మాత్రం తర్వాత కాల్‌బ్యాక్ ద్వారా వస్తుంది. ఈ తేడా గమనించని ప్రోగ్రామర్లు, కాల్ తిరిగొచ్చింది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. చిన్న కమాండ్‌లైన్ ప్రోగ్రామైతే జవాబు రాకముందే ముగిసిపోతుంది. డిస్క్‌లో రెండు మూడు పార్టిషన్లు ఉంటే అన్నింటినీ కలిపి విడదీయమని ‘హోల్’ ఆప్షన్ ఇవ్వాలి. ఆ తర్వాత విడిగా ఎజెక్ట్ కోరాలి.

మ్యాక్‌లో మరో మెలిక ఉంది. ఫైలును డిస్క్‌కు పంపమని చెప్పే ‘ఎఫ్‌సింక్’ కాల్ డేటాను డ్రైవ్ వరకు చేరుస్తుంది. డ్రైవ్ దాన్ని తన సొంత క్యాష్‌లో ఇంకొంతసేపు ఉంచుకోవచ్చు. దాన్ని కూడా ఖాళీ చేయించాలంటే ‘ఎఫ్ ఫుల్‌ఎఫ్‌సింక్’ అనే వేరే ఆదేశం వాడాలని యాపిల్ మాన్యువల్ చెబుతుంది. ఒకే పేరున్న కాల్ రెండు వ్యవస్థల్లో ఒకే హామీ ఇస్తుందనుకోకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఫోన్‌లో అధికారం యాప్‌ది కాదు

ఆండ్రాయిడ్‌లో మెమొరీ కార్డును అన్‌మౌంట్ చేసే అనుమతి మామూలు యాప్‌లకు దొరకదు. ఆ అధికారం సిస్టమ్‌దే. యాప్ వంతు వేరే ఉంది. యూజర్ సెట్టింగ్స్‌లో ఎజెక్ట్ కోరినప్పుడు సిస్టమ్ ‘మీడియా ఎజెక్ట్’ అనే ప్రకటన పంపుతుంది. ఆ కార్డులో తెరిచిన ఫైళ్లన్నీ యాప్ మూసేయాలి. అంటే ఇక్కడ యాప్ అనుమతి అడిగేది కాదు, అడిగినప్పుడు దారి ఇవ్వాల్సింది.

బలవంతం చేస్తే వచ్చే నష్టం

అన్ని వ్యవస్థల్లోనూ బలవంతపు దారి ఉంది. కోడ్‌లో ఒక్క ఫ్లాగ్ మారిస్తే చాలు, ఎర్రర్ మాయమవుతుంది. తొందరలో ఉన్న ప్రోగ్రామర్‌ను ఆకర్షించేది ఇదే. లినక్స్‌లోని ‘డిటాచ్’ ఫ్లాగ్ వీటిలో అన్నింటికన్నా మోసపూరితమైనది. దీన్ని ‘లేజీ అన్‌మౌంట్’ అంటారు. అది కొమ్మను చెట్టు నుంచి వెంటనే కనిపించకుండా చేస్తుంది. అసలు విడదీతను మాత్రం వాడుతున్నవాళ్లంతా వెళ్లిపోయేదాకా వాయిదా వేస్తుంది. అప్పటికే ఫైలు తెరిచి ఉన్న ప్రోగ్రాము రాస్తూనే ఉంటుంది. సిస్టమ్ కాల్ మాత్రం ‘విజయం’ అని చెబుతుంది. ఆ మాట నమ్మి డిస్క్ తీసినవారి డేటా పోతుంది.

ఒక చిన్న కార్యాలయంలో రోజూ రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్టును ఊహించుకుంటే నష్టం ఎంతటిదో తెలుస్తుంది. ‘బిజీ’ ఎర్రర్‌తో విసిగిన ఎవరో దానికి డిటాచ్ ఫ్లాగ్ తగిలిస్తారు. ఆ రోజు నుంచి లాగ్‌లో అన్నీ విజయాలే. ఉద్యోగి ఉదయం రాగానే డిస్క్ తీసి బీరువాలో పెడతాడు. రాత్రి మొదలైన కాపీ ఒక్కోసారి అప్పటికింకా నడుస్తూనే ఉంటుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అసలు సర్వర్ చెడిపోయి బ్యాకప్ తెరిచిన రోజునే తెలుస్తుంది. ఆ రోజు తెలిసినా ప్రయోజనం ఉండదు. ఎర్రర్ వచ్చి ఉంటే ఒక రోజు చిరాకుతో పోయేది. దాన్ని నోరు మూయించడం వల్ల నెలల లెక్కలు పోతాయి.

కోడ్ రాసేవారు పాటించాల్సినవి

పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో అన్‌మౌంట్ ఫంక్షన్ లేదు. జావాలోనూ లేదు. అందుకే మూడు వ్యవస్థల్లో నడవాల్సిన ప్రోగ్రాముకు మూడు దారులు రాయక తప్పదు. లినక్స్‌లో యూడిస్క్స్2, విండోస్‌లో తాళం వేసే వరుస లేదా ప్లగ్ అండ్ ప్లే విన్నపం, మ్యాక్‌లో డిస్క్ ఆర్బిట్రేషన్. పైన మాత్రం ఒకే ముఖం ఉంచవచ్చు. ఆ ముఖం అవును, కాదు అని రెండే జవాబులు ఇస్తే సరిపోదు. ‘విడదీశాం, తీయవచ్చు’, ‘విడదీశాం గానీ కరెంటు ఇంకా ఉంది’, ‘ఫలానా ప్రోగ్రాము అడ్డుపడింది’, ‘అధికారం లేదు’ అన్న నాలుగు స్థితులను అది విడివిడిగా చెప్పగలగాలి.

ఏ పరికరాన్ని విడదీస్తున్నారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ‘రిమూవబుల్’ అన్న గుర్తును నమ్ముకోవడం చాలదు. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌ను లినక్స్, విండోస్ రెండూ సాధారణంగా ఫిక్స్‌డ్ డిస్క్‌గానే చూపిస్తాయి. ఎందుకంటే ఆ గుర్తు చెప్పేది పరికరం ఊడొస్తుందా అని కాదు, అందులోని మీడియా ఊడొస్తుందా అని. అందుకే పరికరం ఏ దారిలో కలిసిందో, అంటే యూఎస్‌బీయా కాదా అన్నది చూడాలి. డ్రైవ్ అక్షరం, లినక్స్‌లోని ఎస్‌డీబీ లాంటి పేరు తీసి పెట్టినప్పుడల్లా మారవచ్చు. వాల్యూమ్ ఐడీ పట్టుకోవడమే క్షేమం.

తన వంతుగా ప్రోగ్రాము తాను తెరిచిన ఫైళ్లన్నీ మూయాలి, రాసిన ఫైళ్లకు సింక్ పిలవాలి, ఆ ఫోల్డర్‌లోంచి బయటికి రావాలి. తర్వాత అనుమతి కోరాలి. ‘కాదు’ అంటే కాస్త ఆగి కొన్నిసార్లు మళ్లీ అడగాలి. అప్పటికీ కుదరకపోతే అడ్డుపడిన ప్రోగ్రాము పేరు యూజర్‌కు చెప్పాలి. బలవంతపు దారిని యూజర్ తెలిసి ఎంచుకుంటే తప్ప వాడకూడదు. వాడినప్పుడు కూడా ‘సురక్షితం’ అన్న మాట తెర మీద రాకూడదు.

అంతా సరిగ్గా జరిగినా చివరి కొన్ని క్షణాలు పరికరానివే. ఫ్లాష్ మెమొరీలోని కంట్రోలర్ తనంతట తానుగా డేటాను ఒక గడిలోంచి మరో గడిలోకి సర్దుతూ ఉంటుంది. ఆ సర్దుబాటు మధ్యలో కరెంటు ఆగితే కొన్ని చవక పరికరాల్లో మొత్తం పట్టికే చెడుతుంది. అన్‌మౌంట్ తర్వాత ఎజెక్ట్ కూడా కోరడం, లైటు ఆరేదాకా ఆగడం ఇందుకే.

జిరాక్స్ షాపతనికి ఇవేమీ తెలియాల్సిన పని లేదు. తెలియాల్సింది అతని తెర మీద కనిపించే సందేశాన్ని రాసినవారికి. ‘పరికరం బిజీగా ఉంది’ అని మాత్రమే చెబితే అతను లాగేస్తాడు, వెనక నలుగురు నిలబడి ఉన్నారు కాబట్టి. ‘ఫలానా ఫైలు ఇంకా వర్డ్‌లో తెరిచి ఉంది, మూసేయండి’ అని చెబితే మూసేస్తాడు.